ముగ్గురి జట్టు

బొంగులూరు గేటు దగ్గర, సాగర్ రోడ్డు మీద మా మామ కిరాణా కొట్టు. గల్లా పెట్టె పక్కన ఒక షాబాదు బండ ఉంటుంది. ప్రొ కబడ్డీ సీజన్ నడిచే రోజుల్లో పొద్దుగూకాక ఆ బండ మీద ఏడు సీసా మూతలు చేరతాయి. నాలుగు బోర్లా, మూడు వెల్లకిలా. బోర్లా ఉన్నవి పట్టేవాళ్లు, వెల్లకిలా ఉన్నవి కూతకు వెళ్లేవాళ్లు. ఆ రాత్రి తెలుగు టైటాన్స్ ఏ ఏడుగురితో మ్యాట్ మీదికి దిగాలో ఆయన తేల్చుకునేది ఈ మూతలతోనే. తేలింది తారీఖు కాగితం వెనక రాసుకుంటాడు. మ్యాచ్ అయ్యాక కోచ్ దించిన ఏడుగురిని ఆ పక్కనే రాస్తాడు. రెండు వరసలూ కలిసినా కలవకపోయినా ఆయన మొహంలో పెద్ద తేడా ఏమీ కనబడదు.

ఇందులో పైసల వ్యవహారం లేదు. డబ్బు పెట్టి జట్టు కట్టే ఆన్‌లైన్ ఆటలకు తెలంగాణలో 2017 నుంచే తలుపులు మూశారు, 2025లో దేశమంతటా మూశారు. మామకు ఆ ఆటల సంగతి తెలియనే తెలియదు. ఆయన చేసేది పని. పనితనం ఎక్కడున్నా దగ్గరికెళ్లి చూడాలనిపించే అలవాటు నాది, అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ ఏడు మూతలు ఏ వరసలో ఉంటాయో చెప్పాలి. కబడ్డీ చూసేవాళ్లలో చాలామంది కూతకు వెళ్లినవాడి మీదే కళ్లు పెడతారు. ఎదురుగా నిలబడ్డ ఏడుగురూ ఒక గుంపులా కనిపిస్తారు. అది గుంపు కాదు. ఎడమ నుంచి లెక్కపెడితే లెఫ్ట్ కార్నర్, లెఫ్ట్ ఇన్, లెఫ్ట్ కవర్, సెంటర్, రైట్ కవర్, రైట్ ఇన్, రైట్ కార్నర్. రెండు మూలలూ రెండు కవర్లూ పట్టేవాళ్లవి. రెండు ఇన్‌లూ సెంటరూ సాధారణంగా రైడర్లవి. అంటే పట్టేవాడు, కూతగాడు, పట్టేవాడు, కూతగాడు అని ఒకటి విడిచి ఒకటి. మామ మూతలు కూడా అలాగే బోర్లా వెల్లకిలా మారుతూ వస్తాయి.

ఈ వరస ఎందుకు ఇలా ఉంటుందో తెలియాలంటే కొలతలు చూడాలి. పురుషుల మ్యాట్ పొడవు 13 మీటర్లు, వెడల్పు 10. ఒక్కో జట్టు వాటాకు వచ్చే లోతు 6.5 మీటర్లు. నడిగీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాక్ లైన్. కూతకొచ్చినవాడు ఎవరినీ తాకకపోతే దాన్నైనా దాటి తీరాలి, దాటకుండా తిరిగిపోతే ఔట్. అక్కడి నుంచి ఇంకో మీటరు లోపల బోనస్ గీత. దాని వెనక మిగిలేది 1.75 మీటర్లు. కార్నర్ ఆటగాడి బతుకంతా ఆ చిన్న స్థలంలోనే. కూతగాడు బోనస్ కోసం ఒక కాలు గీత దాటించి పెడతాడు. ఆ క్షణంలో రెండో కాలు గాలిలో ఉండాలని నియమం. ఒంటి కాలి మీద ఉన్న మనిషి చీలమండ దొరకబుచ్చుకోవడమే కార్నర్ చేసే యాంకిల్ హోల్డ్. 2017 నుంచి టైటాన్స్‌కు ఎడమ మూల కాసిన విశాల్ భరద్వాజ్ ఈ పట్టుకు పెట్టింది పేరు. మామ కూడా కుర్రతనంలో దసరా పోటీల్లో, మట్టిలో, ఎడమ మూలే ఆడాడు. విశాల్ గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో సొంత మనిషి గురించి చెప్పే ధీమా వస్తుంది.

కార్నర్ ఒక్కడే నిలబడడు, పక్కనున్న ఇన్ చెయ్యి పట్టుకుని నిలబడతాడు. ఆ ఇన్ స్థానంలో ఉన్నవాడు రైడర్. పట్టు పట్టడం వాడి పని కాదు కానీ, కార్నర్ కాళ్ల మీదికి దూకేటప్పుడు సరైన క్షణంలో చెయ్యి వదలడం వాడి పని. ఆలస్యంగా వదిలితే కార్నర్ దూకుడు సగంలో ఆగిపోతుంది. తొందరపడి వదిలితే కూతగాడికి ముందే తెలిసిపోతుంది. టీవీలో స్లో మోషన్ వచ్చినప్పుడు మామ చూసేది ఆ చెయ్యినే. లెఫ్ట్ ఇన్‌కు రైడర్‌ను ఎంచుకునేటప్పుడు వాడెన్ని పాయింట్లు తెస్తాడన్నది రెండో ప్రశ్న ఆయనకు.

“గీ పొరగాడు మంచిగనే ఆడుతడు మామా, వీణ్ని సెంటర్ల ఎందుకు పెట్టినవ్?” అని ఒకసారి అడిగాను.

“చెయ్యి సూడు. కార్నర్ దుంకినంక గూడ ఇడుస్తలేడు. పాయింట్ తెస్తడు, నిజమే. ఇంకోడి పాయింట్ చెడగొడతడు. గది ఎవ్వలు రాస్తరు?”

నిజమే, ఆ లెక్క ఎవరూ రాయరు.

ఇక్కడిదాకా చెప్పిన పనిని చూపున్నవాళ్లు ఎవరైనా చేయగలరు. మామ పనిలో అసలు నైపుణ్యం దీని తర్వాత మొదలవుతుంది. ఏడు మూతలూ కుదిరాక ఆయన వాటిని ఒక్కొక్కటీ తీసేయడం మొదలుపెడతాడు.

బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్లకు ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది. ఎన్‌బీఏ అభిమానులు ఏ ఐదుగురు కలిసి ఆడితే జట్టుకు ఎన్ని పాయింట్లు లాభం, ఏ ఐదుగురైతే నష్టం అని రాత్రంతా లెక్కలు కడతారు. చక్కని విద్య అది. కానీ అక్కడ ఐదుగురు ఎప్పుడూ ఐదుగురే. ఫౌళ్లు నిండిపోతే, అమెరికా లీగులో ఆరు, మిగతా ప్రపంచంలో ఐదు, ఒకడు వెళ్లిపోతాడు, వాడి చోట వెంటనే ఇంకొకడు వస్తాడు. ఆట ఆగిన ప్రతిసారీ కోచ్ తన ఇష్టం వచ్చినట్టు మనుషులను మార్చుకోవచ్చు. అక్కడ జట్టును మార్చేది కోచ్. ఇక్కడ జట్టును విరగ్గొట్టేది ఎదుటివాడు. ఔటైనవాడి చోటికి బెంచీ మీది నుంచి ఎవరినీ పంపడానికి లేదు. కబడ్డీలో ఏడుగురితో దిగిన జట్టు మొదటి నిమిషంలోనే ఆరుగురిది కావచ్చు, మూడో నిమిషానికి నలుగురిది కావచ్చు. నలభై నిమిషాల ఆటలో ఏడుగురూ కలిసి నిలబడే సమయం చాలా తక్కువ. అయినా మనం రాసేది ఏడుగురి జాబితానే. మామ ఈ మాటనే తన తీరులో అంటాడు:

“ఏడుగురి టీమ్ ఎవడన్న రాస్తడు. ముగ్గురి టీమ్ రాయాలె.”

ముగ్గురే ఎందుకు? మ్యాట్ మీద ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ మంది మిగిలినప్పుడు కూతగాడిని పట్టుకుంటే ఒకటికి రెండు పాయింట్లు, అదే సూపర్ ట్యాకిల్. పట్టుకోలేక అందరూ ఔటైతే ఎదుటి జట్టుకు ఆలౌట్ కింద అదనంగా రెండు. పైగా ఆరుగురి కన్నా తక్కువ ఉంటే కూతగాడికి బోనస్ దొరకదు, వాడు మనిషిని తాకే తీరాలి, అంటే దగ్గరికి రావాలి. అటో ఇటో తేలేది ఆ ముగ్గురి దగ్గరే. ఆ ముగ్గురూ ఎవరన్నది మామ ప్రశ్న.

ఆయన మూతలు తీసి చూపించిన లెక్కను నేను ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూశాను. ఏడుగురిలో ముగ్గురు మిగిలే తీరులు 35. జట్టులో నలుగురు పట్టేవాళ్లు, ముగ్గురు కేవలం కూతగాళ్లే అనుకోండి. మిగిలిన ముగ్గురిలో కనీసం ఇద్దరు పట్టేవాళ్లు ఉండే తీరులు 22. మిగతా 13 తీరుల్లో సూపర్ ట్యాకిల్ మీద ఆశ పెద్దగా పెట్టుకోలేం. ఇప్పుడు ఆ ముగ్గురు కూతగాళ్లలో ఒకడిని తీసి, కూతకూ వెళ్లగలిగి పట్టూ తెలిసిన ఆల్‌రౌండర్‌ను పెట్టండి. 22 కాస్తా 30 అవుతుంది. ఒక్క మనిషి మారాడు, అంతే. ఏడుగురి జాబితాలో ఆ మార్పు పెద్దగా కనబడదు, కాస్త నష్టంగా కూడా కనబడుతుంది, ఎందుకంటే ఆల్‌రౌండర్ కూతలో అసలు రైడర్ అంత వాడి ఉండడు. ముగ్గురి జాబితాలోకి వచ్చేసరికి జట్టు స్వరూపమే మారిపోతుంది.

ఆ 35 తీరులూ సమానంగా జరగవు, అది మామకు నాకన్నా బాగా తెలుసు. కూతకు వెళ్లేవాడు ఎక్కువసార్లు ప్రమాదంలో పడతాడు. ఎదుటివాళ్లు దెబ్బతీయాలని చూసేది కూడా పేరున్న రైడర్‌నే. అందుకని ఆయన మూతలు తీసే వరసకూ ఒక పద్ధతి ఉంది. మొదట పెద్ద రైడర్‌ను తీస్తాడు. తర్వాత ఎదుటి జట్టు ముఖ్య రైడర్ ఏ చేతి వైపు ఎక్కువగా ఆడతాడో చూసి, ఆ వైపు కార్నర్‌ను తీస్తాడు. కూతకు వచ్చినవాడి ఎడమ చెయ్యి మనకు కుడి మూల. ఇది మాటల్లో తేలిక, మ్యాచ్ వేడిలో తారుమారు చేసి మాట్లాడే వ్యాఖ్యాతలను చాలామందినే విన్నాను. మామ మాత్రం మూతలున్న బండ చుట్టూ తిరిగి, ఎదుటివాడి వైపు నిలబడి చూసి మరీ తీస్తాడు.

తీసిన మూతలను పారేయడు. పక్కన వరసగా పెడతాడు. ఈ వరస కూడా లెక్కలోదే. తాకి తెచ్చిన ఒక్కో పాయింటుకూ, పట్టి తెచ్చిన పాయింటుకూ ఒక్కో మనిషి లోపలికి తిరిగొస్తాడు, ఔటైన వరసలోనే రావాలి. బోనస్ పాయింటుకు ఎవరూ తిరిగిరారు. సూపర్ ట్యాకిల్‌లో వచ్చే రెండో పాయింటుకూ రారు. అంటే పెద్ద రైడర్ ముందే ఔటైతే వాడే ముందు వస్తాడు, అది మేలు. ముగ్గురు పోయాక వాడు ఔటైతే ముగ్గురు తిరిగొచ్చాక గానీ వాడి వంతు రాదు. ఆ లోపు పాయింట్లు ఎవరు తేవాలి? రెండో రైడర్, మూడో రైడర్. జాబితా చివర ఏదో ఒక పేరు రాయాలి కాబట్టి రాసే ఆ మూడో రైడర్ పేరు దగ్గర మామ ఎక్కువసేపు ఆగుతాడు. కొట్టుకు వచ్చినవాళ్లు పాల ప్యాకెట్ కోసం నిలబడి ఉంటారు. “ఆగుర్రి” అంటాడు.

ఔటైనవాళ్లు తిరిగొచ్చే ఈ పద్ధతికి పాత కబడ్డీలో సంజీవని అని పేరు. దానితో పాటు గామినీ, అమర్ అని ఇంకో రెండు రకాలు ఉండేవి. గామినీలో ఔటైనవాడు జట్టు మొత్తం ఔటయ్యేదాకా బయటే కూర్చుంటాడు. అమర్‌లో ఔటైనవాడు అసలు బయటికే పోడు, పాయింటు మాత్రం ఎదుటివాళ్లకు పోతుంది. ఇప్పటి ఆట సంజీవని నుంచి వచ్చింది. అమర్‌లో అయితే మామ విద్యకు పని లేదు, ఏడుగురూ చివరిదాకా ఉంటారు. గామినీలో అయితే ఎవరు ఎక్కువసేపు నిలుస్తారన్నది ఒక్కటే ప్రశ్న. పోవడం, రావడం రెండూ ఉన్నాయి కాబట్టే, అవీ వరస ప్రకారం కాబట్టే, ఇన్ని ముడులు.

టైటాన్స్ చరిత్ర ఈ లెక్కకు మంచి పరీక్ష. 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పటి నుంచి 2018 దాకా టైటాన్స్ అంటే రాహుల్ చౌధరి. 2016 జూన్, జూలైల్లో జరిగిన నాలుగో సీజన్‌లో లీగ్ మొత్తానికి ఎక్కువ రైడ్ పాయింట్లు అతనివే. 2019 వేలంలో సిద్ధార్థ్ దేశాయ్‌కు కోటీ 45 లక్షలు పెట్టారు, అతను ఆ ఏడాది 200 పాయింట్లు దాటించాడు, జట్టు మాత్రం పట్టికలో కిందే ఉండిపోయింది. తర్వాత మూడు సీజన్లు, ఎనిమిది, తొమ్మిది, పది, గుర్తుచేసుకోవడం ఇష్టంలేనివి. మూడింటిలోనూ ఆఖరి స్థానమే. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచుల్లో ఒక్కటంటే ఒక్క గెలుపు. పదో సీజన్ కోసం 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. అప్పటిదాకా లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. పవన్ ఆ ధరకు అన్యాయం చేయలేదు, 200 పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టుకు దక్కినవి రెండు గెలుపులు.

ఇంత మంచి రైడర్ ఉండి ఇంత ఘోరంగా ఎలా ఓడతారు? నేను అదృష్టం మీదికి నెట్టేవాణ్ని. మామ మూతలు చూపించాడు. పవన్‌ను తీశాడు. మిగిలిన ఆరింటినీ చూడమన్నాడు. కూతకు పంపితే ఇద్దరిని తాకి వచ్చేవాడు వాటిలో లేడు, కాబట్టి పవన్ తిరిగి లోపలికి రావాలంటే పట్టు దొరకాలి. పట్టు దొరకాలంటే కవర్లూ కార్నర్లూ కుదురుగా ఉండాలి. వాళ్లు కుదురుగా లేరు. పవన్ లోపల ఉన్నంతసేపూ అది మంచి జట్టే. అతను బయట కూర్చున్న ప్రతి నిమిషమూ అది ఆఖరి స్థానపు జట్టు. ఏడుగురి జాబితాలో అతని పేరు వెలుగులో మిగతా ఆరు పేర్లూ కనబడలేదు. రెండున్నర కోట్లు ఒకచోట పోస్తే మిగతా చోట్ల ఎంత మిగులుతుందన్నది వేలం బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు మామ చెప్పాల్సిన సంగతి కాదు. అయినా జరిగింది అదే.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ టైటాన్స్‌ది కాదు, అదే ఎనిమిదో సీజన్‌లో విజేతగా నిలిచిన దబాంగ్ ఢిల్లీది. కరోనా వల్ల సీజన్ అంతా బెంగళూరులో ఒకే చోట ఆడారు. ఢిల్లీ జట్టును చూసి అందరూ ముసలి జట్టని నవ్వారు. జోగిందర్ నర్వాల్, మన్‌జీత్ ఛిల్లర్, జీవ కుమార్, సందీప్ నర్వాల్, అందరూ ఆటలో పండిపోయినవాళ్లే. వీళ్లలో మన్‌జీత్, సందీప్ పేరున్న ఆల్‌రౌండర్లు. కూతకు కుర్రాడు నవీన్ కుమార్, తోడుగా విజయ్ మలిక్. సీజన్ మధ్యలో నవీన్ గాయపడి కొన్ని మ్యాచులకు దూరమయ్యాడు. పవన్ లేని టైటాన్స్‌లా ఢిల్లీ కుప్పకూలలేదు. విజయ్ భారం మోశాడు, ఆల్‌రౌండర్లు కూతకు వెళ్లారు. 2022 ఫిబ్రవరి 25న ఫైనల్లో పట్నా పైరేట్స్ మీద 37–36తో, ఒక్క పాయింటు తేడాతో గెలిచారు. ఆ రాత్రి నవీన్‌కు 13 పాయింట్లు, విజయ్‌కు 14. రెండో రైడర్ మొదటి రైడర్ కన్నా ఒకటి ఎక్కువ తెచ్చాడు, గెలిచిన తేడా కూడా ఒకటే.

ఆ జట్టు కోచ్ క్రిషన్ కుమార్ హూడా. 2024లో పదకొండో సీజన్‌కు టైటాన్స్ ఆయన్నే తెచ్చుకుంది. విజయ్ మలిక్ కూడా వచ్చాడు. ఈ రెండు వార్తలూ విన్న రోజు మామ మూతలు ముట్టలేదు, “ఇగ జూడు” అన్నాడంతే.

2024 అక్టోబరు 18న గచ్చిబౌలిలో సీజన్ తొలి మ్యాచ్. బొంగులూరు దగ్గర ఔటర్ ఎక్కితే ఎక్కడా సిగ్నల్ లేకుండా అటు వెళ్లిపోవచ్చు. టైటాన్స్ 37–29తో బెంగళూరు బుల్స్‌ను ఓడించింది. అందరూ పవన్‌ను చూశారు, చూడాల్సిన ఆటే అతనిది. కానీ ఈ జట్టు ఎంత గట్టిదో తెలిసింది ఆ తర్వాత, సీజన్ మధ్యలో పవన్ గాయంతో తప్పుకున్నప్పుడు. ఏడాది కింద అయితే అక్కడితో కథ ముగిసేది. ఈసారి విజయ్ ముందుకొచ్చాడు, ఆశిష్ నర్వాల్ తోడొచ్చాడు, కవర్‌లో అజిత్ పవార్ పట్టు వదల్లేదు. 22లో 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచారు. అప్పుడు ప్లేఆఫ్స్‌కు ఆరు జట్లకే చోటు, ఒక్క మెట్టు తప్పింది. రెండు గెలుపుల నుంచి పన్నెండుకు. ఈ ఘనత హూడాకా, విజయ్‌కా, లేక పవన్ లేకపోవడం జట్టుకు నేర్పిన పాఠానికా అని నేను చర్చ మొదలుపెడితే మామ ఆసక్తి చూపలేదు. ఆయనకు కావలసింది ముగ్గురు మిగిలినప్పుడు ఏం జరిగిందన్నదే.

2025లో పవన్ తమిళ్ తలైవాస్‌కు వెళ్లాడు. విజయ్ మలిక్ కెప్టెన్ అయ్యాడు, భరత్ హూడా వచ్చాడు, కుడి మూలకు శుభమ్ షిండే వచ్చాడు. ఆగస్టు 29న విశాఖలో తొలి మ్యాచే పవన్ ఉన్న తలైవాస్‌తో. 38–35తో ఓడారు. మామ కాగితం మీద ఆ రోజు రాసుకున్న ఏడుగురిలో ఒకరిద్దరు తప్ప అందరూ కలిశారని గుర్తు. నాకు నచ్చింది అది కాదు. ఆ కాగితం మీద ఏడు పేర్ల కింద మూడు పేర్ల వరసలు నాలుగున్నాయి. పవన్ మన కుడి మూల మీదికి వచ్చి శుభమ్‌ను తీస్తే మిగిలేది ఎవరు? విజయ్ పట్టుబడితే? ఇద్దరూ పోతే? ఒక్కో వరస పక్కన చిన్న గుర్తు, సూపర్ ట్యాకిల్‌కు ఆశ ఉందా లేదా అని. ప్రతి వరసలోనూ విజయ్ పేరో భరత్ పేరో ఉంది. ఇద్దరూ కూతకూ వెళ్తారు, అవసరం పడితే పట్టుకూ దిగుతారు. నాలుగు పట్టే మూతల పక్కన రెండు సగం సగం మూతలు. ఒక్క ఆల్‌రౌండర్‌తోనే 35లో 30 అన్న నా లెక్క ఈ కాగితం చూశాకే నాకు తట్టింది.

ఆ సీజన్‌లో టైటాన్స్ క్వాలిఫయర్-2 దాకా వెళ్లింది. అక్కడ పుణేరి పల్టన్ 50–45తో ఆపింది. మూడేళ్లు వరసగా అట్టడుగున పడి ఉన్న జట్టు ఫైనల్‌కు ఒక్క మెట్టు దిగువన ఆగడం చిన్న సంగతి కాదు.

జట్టు పేరులో తెలుగు ఉంది, ఏడుగురిలో హర్యానా, మహారాష్ట్ర కుర్రాళ్లే ఎక్కువ. దీని మీద నాకు కోపం ఉంది. మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల పండగకు పోటీ పెట్టని ఊరు అరుదు, ఆ మట్టిలో నుంచి మ్యాట్ మీదికి దారి ఎందుకు ఇంత సన్నగా ఉందని అడగాలనిపిస్తుంది. మామకు ఆ కోపం లేదు. “మంచిగ పట్టేటోడు ఏ ఊరోడైతేంది” అంటాడు. ఈ విషయంలో ఆయన ఉదారతను మెచ్చుకుంటాను గానీ ఒప్పుకోను.

ఆయన విద్యలో ఒక లోపం చెప్పకపోతే ఇది పొగడ్త అవుతుంది. మూతలకు గడియారం తెలియదు. మొదటి సగంలో మూడు మూతలు మిగలడం, ఆఖరి మూడు నిమిషాల్లో ఆరు పాయింట్లు ముందుండి మూడు మూతలు మిగలడం ఒకటి కాదు. రెండో సందర్భంలో సూపర్ ట్యాకిల్ కోసం తెగించాల్సిన పని లేదు, కాలం గడిపితే చాలు. ఈ మాట నేనంటే ముందు కసురుకున్నాడు. వారం తర్వాత తారీఖు కాగితం మీద రెండో జాబితా కనిపించింది: ఆఖరి ఐదు నిమిషాల ఏడుగురు. ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కూ రెండు రాస్తాడు.

ఆ రెండో జాబితా తయారైన తీరు చూడాలి. ఒక్కో కూతకు 30 సెకన్లు. రెండు జట్లూ పూర్తి సమయం తీసుకుంటే ఐదు నిమిషాల్లో పది కూతలు, మనవి ఐదు. వరసగా రెండు కూతలు ఖాళీగా వెళ్తే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే ఔటే. అంటే ఐదింటిలో నాలుగు ఊరికే తిరిగొచ్చేవి, ఒక్కటి మాత్రం గండం. కానీ వెనకబడ్డ జట్టు 30 సెకన్లు ఎందుకు తీసుకుంటుంది? పది సెకన్లలో వచ్చి పోతుంది. అప్పుడు మన వంతు నలభై సెకన్లకు ఒకసారి వస్తుంది, ఐదు నిమిషాల్లో ఏడు కూతలు, గండాలు రెండు. మామ దీన్ని సీసా మూతలతో కాదు, గోడ గడియారం చూస్తూ వేళ్ల మీద లెక్కపెట్టాడు. తేలింది ఏమిటంటే, ఆఖరి ఏడుగురిలో బాక్ లైన్ దాటి క్షేమంగా తిరిగొచ్చే ఓపికమంతుడు ఒకడుండాలి, ఆ రెండు గండాల కోసం ఇంకొకడు తాజాగా ఉండాలి. వాడిని ఆఖరి పది నిమిషాల్లో తక్కువ కూతలకు పంపి దాచుకోవాలి. కవర్‌లో మాత్రం మార్పు వద్దు. అలవాటైన చేతులు విడదీయొద్దు.

దాచుకోవాల్సినవాడు ఎవరన్న దగ్గర మాకు కుదరలేదు. ఎత్తున్నవాడు, చెయ్యి దూరం చాపగలిగినవాడు కాబట్టి భరత్‌ను దాచమంటాను నేను. ఖాళీ కూతలు విజయ్ చూసుకుంటాడు, నిదానం అతనిదే. మామ తిరగేస్తాడు. ఢిల్లీ ఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో గెలిచిన రాత్రి పద్నాలుగు తెచ్చినవాడిని ఖాళీ కూతలకు వాడుకుంటావా అంటాడు. భరత్‌నే ముందు పంపి ఎదుటి కార్నర్లను అలసిపోనివ్వు, గండానికి విజయ్‌ను పంపు అని ఆయన వాదన. మొన్న కొట్టుకు వెళ్తే బండ మీద భరత్ మూత వెల్లకిలా, విజయ్ మూత పక్కన నిలువుగా గోడకు ఆనించి ఉంది. నేను రెండూ మార్చి పెట్టాను. ఆయన బియ్యం తూకం వేస్తూనే చూసి, “ముట్టకు రా, ఇంక కాలె” అన్నాడు.